స్విచ్ ఎవరి చేతిలో ఉంది?

1943లో అమెరికాలో ‘నెర్వస్ చైల్డ్’ అనే పత్రికలో ఒక పొడవాటి వ్యాసం అచ్చయింది. రాసినాయన లియో కానర్, బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో పిల్లల మానసిక వైద్యుడు. తన దగ్గరికి వచ్చిన 11 మంది పిల్లల గురించి, 8 మంది అబ్బాయిలు, ముగ్గురు అమ్మాయిల గురించి రాశాడు. ఆటిజం చరిత్ర ఎవరు రాసినా ఈ వ్యాసాన్ని దాటి వెళ్ళరు. ఆ పిల్లల ఒంటరితనం గురించీ, ఏదీ మారకూడదన్న వాళ్ళ పట్టుదల గురించీ కానర్ రాసింది అందరూ ఉదహరిస్తారు. అందులోనే చప్పుళ్ళ గురించి ఒక పేరా ఉంది. దాన్ని మాత్రం చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఆ పేరాలో కానర్ ఒక జాబితా ఇస్తాడు. లిఫ్టు, వాక్యూమ్ క్లీనర్, పంపులో నీళ్ళు, గ్యాస్ బర్నర్, కీ ఇచ్చే బొమ్మ, కోడిగుడ్డు గిలకొట్టే మర, ఆఖరికి గాలి. వీటిలో ఏదైనా సరే ఈ పిల్లల్ని హడలెత్తించవచ్చు అంటాడు. ఆ 11 మందిలో ఒక పాపకి వాక్యూమ్ క్లీనర్ అంటే ఎంత భయమంటే, అది ఆగిపోయి లోపల పెట్టేసి ఉన్నప్పుడు కూడా ఆ అలమర దగ్గరికి వెళ్ళేది కాదు. ఇంట్లో దాన్ని ఆన్ చేస్తే రెండు చెవులూ మూసుకుని గరాజులోకి పారిపోయేది.

ఇంతవరకూ అయితే ‘పాపం, చెవులు సున్నితం’ అనుకుని ఊరుకోవచ్చు. కానర్ అక్కడితో ఆగలేదు. వీళ్ళు భయపడేది చప్పుడుకి కాదు అన్నాడు. ఎందుకంటే ఈ పిల్లలే తమంతట తాము అంతే పెద్ద చప్పుడు హాయిగా చేసుకుంటారు. బయటినుంచి, చెప్పా పెట్టకుండా, తమ లోకంలోకి చొరబడే చప్పుడంటేనే వాళ్ళకి భయం.

మన ఇళ్ళలో ఇది రోజూ కనిపించేదే. మిక్సీ మోగితే గుక్కపట్టి ఏడ్చే పిల్లాడు, పది నిమిషాల తర్వాత స్టీలు పళ్ళెం తీసుకుని నేలకేసి బాదుతుంటాడు. చూసేవాళ్ళు వెంటనే తీర్పు ఇచ్చేస్తారు: “అదంతా నాటకం. వాడు చేసే గోల ముందు మిక్సీ ఎంత?” కానర్ చెప్పిన ప్రకారం ఆ రెండిట్లో వైరుధ్యం ఏమీ లేదు. పళ్ళెం ఎప్పుడు మోగుతుందో వాడికి తెలుసు, ఎప్పుడు ఆగుతుందో కూడా తెలుసు. మిక్సీ సంగతి వాడికి తెలియదు. దాని స్విచ్ వాడి చేతిలో లేదు.

మరుసటి ఏడాది, 1944లో, వియన్నాలో హాన్స్ ఆస్పర్గర్ ఇంకో ముక్క కలిపాడు. ఒక సందర్భంలో చిన్న చప్పుడుకే గిలగిల్లాడే పిల్లాడు, మరో సందర్భంలో పెద్ద చప్పుడయినా వినపడనట్టే కూర్చుంటాడని గమనించాడు. కానర్ చూసిన పిల్లల్లోనూ కొందరికి చెవుడేమో అని మొదట అనుమానించారు. ఆస్పర్గర్ పేరు ఎత్తినప్పుడు దాంతోపాటు ఇంకొకటి కూడా చెప్పుకోవాలి. నాజీల కాలంలో పిల్లల్ని చంపిన స్పీగెల్‌గ్రుండ్ అనే చోటికి ఆయన కొందరు పిల్లల్ని పంపించాడని హెర్విగ్ చెక్ అనే చరిత్రకారుడు 2018లో పత్రాలతో సహా బయటపెట్టాడు. ఈ పిల్లల్ని అంత దగ్గరగా గమనించినంత మాత్రాన, వాళ్ళ పక్కన నిలబడ్డాడని చెప్పలేం.

తప్పు తల్లిది

1949లో రెండు వ్యాసాలు వచ్చాయి. ఒకటి పాల్ బెర్గ్‌మన్, సిబిల్ ఎస్కలోనా కలిసి రాసింది. చప్పుడుకి, వెలుతురుకి, వాసనకి, గుడ్డ స్పర్శకి మామూలుగా కాక మరీ ఎక్కువగా స్పందించే ఐదుగురు చిన్నపిల్లల కథ అది. మనిషికీ బయటి ప్రపంచానికీ మధ్య ఒక రక్షణ పొర ఉంటుందనీ, వీళ్ళలో ఆ పొర పల్చగా ఉందేమోననీ వాళ్ళు ఊహించారు. వాడిన భాష ఫ్రాయిడ్‌ది. అయితే వేసిన ప్రశ్న సరైనది: ఈ పిల్లల శరీరానికి లోకం ఎలా తగులుతోంది?

రెండోది కానర్‌ది. పిల్లల తల్లిదండ్రుల్లో ఆప్యాయత తక్కువనీ, ఈ పిల్లలు కరగని ఫ్రిజ్‌లో పెట్టినట్టు పెరిగారనీ అందులో ఒక పోలిక వాడాడు. లోకం ఈ రెండో వ్యాసాన్నే పట్టుకుంది. ‘రిఫ్రిజిరేటర్ మదర్’ అనే మాట పుట్టి ఊరూరా తిరిగింది. 1967లో షికాగో విశ్వవిద్యాలయంలో పనిచేసే బ్రూనో బెటెల్‌హైమ్ ‘ది ఎంప్టీ ఫోర్ట్రెస్’ అనే పుస్తకంతో దాన్ని పరాకాష్ఠకి తీసుకెళ్ళాడు. బిడ్డ లేకపోతే బావుండునని తల్లిదండ్రులు లోలోపల కోరుకోవడమే ఆటిజానికి దారితీస్తుందన్నాడు.

ఇలాంటి వాదానికీ చప్పుడుకీ ఏమిటి సంబంధం అంటే, చాలా ఉంది. చెవులు మూసుకున్న పిల్లాణ్ణి చూసి, ‘లోకాన్ని తిరస్కరిస్తున్నాడు, అమ్మని తిరస్కరిస్తున్నాడు’ అని అర్థం చెప్పడం మొదలుపెడితే, గదిలో ఏం మోగుతోందని ఎవరూ అడగరు. చేష్టకి అర్థం వెతికే తొందరలో కారణం గోడ మీదే ఉండిపోతుంది, గంట రూపంలో.

ఈ వాదాన్ని దెబ్బతీసినవాడు బెర్నార్డ్ రిమ్లాండ్, అమెరికా నౌకాదళంలో పనిచేసే సైకాలజిస్టు. ఆయన కొడుకుకి ఆటిజం. 1964లో రాసిన పుస్తకంలో, ఇది పెంపకం వల్ల వచ్చేది కాదు, మెదడుకి సంబంధించినది అని సాక్ష్యాలు పేర్చి చూపించాడు. ఆ పుస్తకానికి ముందుమాట రాసింది కానరే. 1969లో తల్లిదండ్రుల సభ ఒకటి జరిగితే, కానర్ అక్కడికి వచ్చి తల్లిదండ్రుల తప్పేమీ లేదని బాహాటంగా చెప్పాడు.

ఆ తీర్పు మన అపార్ట్‌మెంట్లకి ఇంకా చేరలేదు. “గారాబం ఎక్కువైంది”, “నువ్వు ఫోన్ చూస్తూ కూర్చుంటే అంతే”, “మొక్కై వంగనిది మానై వంగునా” – ఈ మాటలు అనేవాళ్ళు బెటెల్‌హైమ్‌ని చదివి ఉండరు. చదవాల్సిన అవసరం కూడా రాలేదు వాళ్ళకి. పెళ్ళి బాజాలు మోగగానే పిల్లాణ్ణి ఎత్తుకుని ఫంక్షన్ హాల్ బయటికి పరిగెత్తే తల్లికి ఆ పుస్తకంలోని తీర్పే మరో రూపంలో వినిపిస్తుంది.

లోపలినుంచి వచ్చిన మాట

నాలుగు దశాబ్దాల పాటు ఈ చర్చ అంతా బయటినుంచి చూసేవాళ్ళదే. వైద్యులు రాశారు, తల్లిదండ్రులు రాశారు. చప్పుడు తగిలిన మనిషి రాయలేదు. 1986లో టెంపుల్ గ్రాండిన్ ఆత్మకథ వచ్చింది. ఆటిజం ఉన్న మనిషి, పశువుల ప్రవర్తన మీద పనిచేసే శాస్త్రవేత్త. తన చెవులు వచ్చిన ప్రతి శబ్దాన్నీ ఒకే జోరుతో లాగేసే మైకుల లాంటివని ఆమె తర్వాత రచనల్లో వివరించింది. స్కూలు బెల్లు మోగితే పంటి డాక్టరు డ్రిల్లు నరానికి తగిలినట్టుండేదట.

గ్రాండిన్ బాధ చెప్పి ఊరుకునే రకం కాదు. టీచర్ల కోసం ఆమె రాసిన సూచనలు చదివితే ఒక మెకానిక్ మాట్లాడుతున్నట్టుంటుంది. బెల్లు భరించలేకపోతే దానిలో టిష్యూ పేపరు కుక్కండి, లేదా టేపు అంటించండి. కుర్చీలు నేలమీద కీచుమంటుంటే టెన్నిస్ బంతులు కోసి కాళ్ళకి తొడగండి. పిల్లాడు ఒక గదిలోకి రానంటున్నాడంటే ఎప్పుడు మోగుతుందో తెలియని చప్పుడేదో అక్కడుందేమో చూడండి. భయపెట్టే శబ్దాన్ని రికార్డు చేసి, చాలా తక్కువ వాల్యూంలో మొదలుపెట్టి మెల్లగా పెంచుతూ వినిపించవచ్చు. అయితే ఆ రికార్డరు పూర్తిగా పిల్లాడి అధీనంలోనే ఉండాలి.

కానర్ పేరాలో ఉన్నదే ఇక్కడ ఇంకోలా వచ్చింది. ఆయన పరిశీలనగా వదిలేసిన దాన్ని ఈమె పనిముట్టుగా మార్చింది.

ఈ మధ్యకాలంలో చికిత్సల దారులు కూడా రెండు తెరుచుకున్నాయి. లాస్ ఏంజెలస్‌లో జీన్ ఎయిర్స్ అనే ఆక్యుపేషనల్ థెరపిస్టు 1972లో ‘సెన్సరీ ఇంటిగ్రేషన్’ గురించి పుస్తకం రాసింది. చూపు, వినికిడి, స్పర్శ, శరీరపు తూకం – వీటి సమాచారాన్ని మెదడు ఒకచోట ఎలా కూర్చుకుంటుందన్నది ఆమె ప్రశ్న. ఇవాళ హైదరాబాదులోనూ విజయవాడలోనూ థెరపీ సెంటర్లలో కనిపించే ఊయలలూ, పెద్ద బంతులూ ఆ ఆలోచన నుంచి వచ్చినవే. అదే 1972లో నార్త్ కరోలినాలో ఎరిక్ షాప్లర్ ‘టీచ్’ అనే కార్యక్రమం మొదలుపెట్టాడు. ఇవాళ ఏం జరగబోతోందో, దేని తర్వాత ఏదో బొమ్మల్లో ముందే చూపించే పద్ధతికి అది ప్రసిద్ధి. చప్పుడు గురించి ప్రత్యేకంగా పెట్టింది కాదది. కానీ అందులో ఉన్న సూత్రం చప్పుడుకీ సరిపోతుంది: వచ్చేది ముందే తెలిస్తే, వచ్చినప్పుడు అంత గట్టిగా తగలదు.

మాయ హెడ్‌ఫోన్లు

దిక్కుతోచని తల్లిదండ్రులు ఉన్నచోట మాయలు అమ్మేవాళ్ళు కూడా ఉంటారు. గీ బెరార్ అనే ఫ్రెంచి వైద్యుడు ‘ఆడిటరీ ఇంటిగ్రేషన్ ట్రైనింగ్’ అనే పద్ధతి తయారుచేశాడు. కొన్ని పౌనఃపున్యాలను తగ్గించీ పెంచీ మార్చిన సంగీతాన్ని కొద్దిరోజులపాటు హెడ్‌ఫోన్లలో వినిపించడం అందులో పని. 1991లో ఒక తల్లి దీనివల్ల తన కూతురు బాగుపడిందని పుస్తకం రాశాక అమెరికాలో దీనికి గిరాకీ పెరిగింది. 1998లో అక్కడి పిల్లల వైద్యుల అకాడమీ, దీన్ని సమర్థించేంత సాక్ష్యం లేదని ప్రకటించింది. 2011లో కాక్రేన్ సంస్థ అప్పటికున్న ప్రయోగాలన్నీ జల్లెడ పట్టి అదే మాట చెప్పింది. ఆటిజం కథలో ఇలాంటివి వచ్చి పోతూనే ఉంటాయి. ‘ఇన్ని సెషన్లలో నయం’ అని ప్యాకేజీ చెప్పే చోట ఈ చరిత్ర గుర్తుంచుకుంటే డబ్బూ, ఆశా రెండూ మిగులుతాయి.

ఇంతకీ చప్పుడు భరించలేకపోవడం ఆటిజం లక్షణమేనని అధికారికంగా ఎప్పుడు ఒప్పుకున్నారు? అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వాళ్ళ డీఎస్ఎం అనే గ్రంథాన్ని లోకంలో చాలామంది వైద్యులు చూస్తారు. 1980లో ఆటిజం అందులో విడిగా ఒక నిర్ధారణగా చేరింది. 1994 కూర్పులో కూడా చప్పుడు సంగతి వివరణలో పక్కమాటగానే ఉంది, లెక్కపెట్టే లక్షణాల్లో లేదు. 2013లో ఐదో కూర్పు వచ్చినప్పుడే, ఇంద్రియాలకు తగిలేవాటికి అతిగా గానీ మరీ తక్కువగా గానీ స్పందించడం లక్షణాల జాబితాలోకి ఎక్కింది. కానర్ పేరాకీ దీనికీ మధ్య సరిగ్గా 70 ఏళ్ళు.

ఈ విషయంలో మన సికింద్రాబాదు ముందుంది. 1984లో అక్కడ మొదలైన మానసిక వికలాంగుల జాతీయ సంస్థలో (ఇప్పుడు దాని పేరు నీపిడ్) ‘ఇండియన్ స్కేల్ ఫర్ అసెస్‌మెంట్ ఆఫ్ ఆటిజం’ తయారయింది. 2009లో వెలువడ్డ ఈ స్కేలులో 40 ప్రశ్నలు, ఆరు భాగాలు. ఆ ఆరింట్లో ఒకటి అచ్చంగా ఇంద్రియాలకి సంబంధించింది. డీఎస్ఎం కంటే నాలుగేళ్ళ ముందన్నమాట. షాప్లర్ వాళ్ళ పాత స్కేలులో కూడా వినికిడికి ఒక ప్రశ్న ఉండేది కాబట్టి ఇదే మొట్టమొదటిది అనలేం. కానీ ఇవాళ మన రాష్ట్రాల్లో ఆటిజం సర్టిఫికెట్ కోసం వెళ్ళిన తల్లిదండ్రుల్ని, మీ బిడ్డ చప్పుడుకి ఎలా ఉంటాడు అని అడుగుతున్నారంటే అది ఈ స్కేలు పుణ్యమే.

అలవాటవుతుందిలే

మన పెద్దవాళ్ళ దగ్గర అన్నిటికీ పనికొచ్చే మందు ఒకటుంది: “అలవాటవుతుందిలే.” రైలు కట్ట పక్కన ఇల్లు తీసుకున్నా, అత్తారింటికి వెళ్ళినా అదే మాట. చాలామందికి నిజంగానే అలవాటవుతుంది. ఫ్యాను చప్పుడు మనకి వినపడదు, ఎందుకంటే కాసేపటికి మెదడు దాన్ని పక్కన పెట్టేస్తుంది.

2015లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలస్ శాఖలో షులమైట్ గ్రీన్ బృందం ఈ ‘అలవాటు’నే మెదడు స్కానింగులో చూసింది. పిల్లలకి చిరాకు పుట్టించే శబ్దం, చర్మానికి గరుకు గుడ్డ – విడివిడిగానూ, రెండూ ఒకేసారీ తగిలేలా చేశారు. ఇంద్రియాల సున్నితత్వం బాగా ఎక్కువగా ఉన్న ఆటిస్టిక్ పిల్లల్లో, భయానికి సంబంధించిన అమిగ్డలా అనే భాగమూ, వినికిడి, స్పర్శలకి సంబంధించిన భాగాలూ ఎక్కువగా స్పందించాయి. అంతకంటే ముఖ్యమైనది, మిగతా పిల్లల్లో లాగా ఆ స్పందన కాసేపటికి చల్లబడలేదు. అంటే, అలవాటు కావడమనే పనే అక్కడ సరిగ్గా జరగడం లేదు. భయం పోవాలని పిల్లాడి చేతులు పట్టుకుని సీమటపాకాయ కాల్పిస్తే వాడికి అలవాటయ్యేది చప్పుడు కాదు. పట్టుకున్న చేతుల్ని నమ్మకూడదన్న సంగతి.

మరి మార్గమే లేదా? ఉంది. 2004లో రాబర్ట్, లిన్ కోగెల్‌లు మరొకరితో కలిసి, ఇంట్లోని మామూలు చప్పుళ్ళకి భయపడే ముగ్గురు ఆటిస్టిక్ పిల్లలతో చేసిన పనిని ప్రచురించారు. పిల్లాడు కుదురుగా ఉండగలిగినంత దూరంలో, ఉండగలిగినంత మెల్లగా మొదలుపెట్టారు. వాడు హాయిగా ఉన్నప్పుడే ఒక్కో మెట్టు దగ్గరికి జరిగారు. ముగ్గురూ చివరికి ఆ చప్పుళ్ళని తట్టుకోగలిగారు. ముగ్గురంటే చిన్న సంఖ్యే. కానీ కానర్, గ్రాండిన్, కోగెల్‌లు ఒకరితో ఒకరికి పొంతనలేని దారుల్లో వచ్చి కలుసుకున్నది ఒక్కచోటే. అలవాటు కావచ్చు. దాని వేగం మాత్రం పిల్లాడు చెప్పాలి.

దీన్ని వంటింటి భాషలోకి మార్చుకుంటే చాలా మామూలు విషయాలే. ముందుగా ఆడియాలజిస్టుకి చూపించి, చెవిలో వేరే సమస్య ఏదీ లేదని తేల్చుకోవాలి. మిక్సీ వేసేముందు, “మిక్సీ వేస్తున్నా, పది అంకెలు లెక్కపెట్టేలోగా ఆపేస్తా” అని చెప్పి, చెప్పినట్టే ఆపేయాలి. కొన్నాళ్ళకి స్విచ్ వాడినే నొక్కమనొచ్చు, ఆపడం కూడా వాడి చేతే. కుక్కర్ విజిల్ ఎన్ని వస్తాయో ముందే వేళ్ళతో చూపించొచ్చు. పెళ్ళికి వెళ్తే, వెళ్ళగానే నిశ్శబ్దంగా ఉండే మూల ఒకటి వెతికి పెట్టి, “ఇక్కడికి ఎప్పుడైనా రావొచ్చు” అని చూపించాలి. చాలాసార్లు ఆ మూల ఉందన్న ధైర్యమే చాలు, వాడు అక్కడికి వెళ్ళడు కూడా.

ఇయర్ మఫ్స్ మంచివే. డప్పులకీ, టపాసులకీ, రైల్వే స్టేషన్‌కీ అవి ఉండాలి. అయితే రోజంతా పెట్టే ఉంచితే మామూలు చప్పుళ్ళు కూడా పెద్దగా అనిపించే ప్రమాదం ఉందని ఆడియాలజిస్టులు హెచ్చరిస్తారు. కాబట్టి అవసరమైనప్పుడు పెట్టుకుని, లేనప్పుడు తీసే వస్తువుగానే ఉండాలి. పెట్టడం, తీయడం కూడా వాడి నిర్ణయమే అయితే మరీ మంచిది.

ఉరిమితే అర్జునుడి పేర్లు చదువుకోమని మన అమ్మమ్మలు నేర్పారు కదా. దాంట్లో భక్తి ఎంతో నాకు తెలీదు గానీ, ఒక తెలివి కనిపిస్తుంది. మెరుపు ముందు వస్తుంది, ఉరుము తర్వాత. మెరవగానే పేర్లు మొదలుపెట్టిన పిల్లకి, చప్పుడు వచ్చేలోగా చెయ్యడానికి ఒక పని ఉంది. ఉరుముకి స్విచ్ లేదు కాబట్టి, పిల్ల చేతికి ఇంకోటి ఇచ్చారు.

వీధి సంగతి

ఇంట్లో ఎంత చేసినా గుమ్మం దాటితే వీధి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం మనం నివసించే ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్ స్పీకర్లు కూడదు. స్కూళ్ళకీ, ఆస్పత్రులకీ, కోర్టులకీ చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం. టపాసుల గురించి 2005లోనూ, 2018లోనూ సుప్రీంకోర్టు వేళలు నిర్ణయించింది. నిమజ్జనం రోజున డీజే బండి వెనక నడిచినవాళ్ళకి ఈ అంకెలు నవ్వు తెప్పిస్తాయి.

ఇంకోవైపు, 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. 2016 చట్టంలో 21 వైకల్యాల్లో ఒకటిగా చేరింది. మెట్ల పక్కన ర్యాంపు కట్టించాలని అడగడం ఇప్పుడు మనకి కొత్త కాదు. చప్పుడు కూడా ఒక మెట్టేనని, దానికీ ర్యాంపు కట్టొచ్చని అనుకోవడం ఇంకా కొత్త. బ్రిటన్‌లో కొన్ని సూపర్ మార్కెట్లు 2016, 2017ల నుంచి వారంలో కొంతసేపు పాటలూ మైకు ప్రకటనలూ ఆపేసి ‘క్వయట్ అవర్’ పెడుతున్నాయి. దానికి కావలసింది ఒక బటన్ నొక్కడం, అంతే.

మనం అంతదూరం కూడా పోనక్కర్లేదు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో, “రేపు పదింటి నుంచి పన్నెండింటి దాకా మా ఫ్లాట్‌లో డ్రిల్లింగ్ ఉంది” అని ముందురోజు ఒక మెసేజ్ పెట్టడానికి అర నిమిషం పడుతుంది. దాన్ని చూసి నాలుగో అంతస్తులో ఒక తల్లి, మర్నాడు పదింటికల్లా పిల్లాణ్ణి పార్కుకి తీసుకెళ్తుంది. లేదా వాడికి గడియారం చూపించి, ముళ్ళు ఎక్కడికి వస్తే మొదలవుతుందో, ఎక్కడికి వస్తే ఆగుతుందో చెబుతుంది. డ్రిల్లు అంతే మోగుతుంది. కానీ ఈసారి అది చెప్పి వచ్చిన చుట్టం.